ఇరవై అయిదు కోళ్ళకి టీకా ఎవరేస్తారు సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంటి దగ్గరే మాంసం కోళ్ళు పెంచుకోండి, ఖర్చు తక్కువ, మందుల భయం లేదు అని అరపేజీ వేశారు, చదివా. రాసింది బ్రాయిలర్ గురించి, పైన ఫోటో మాత్రం మామిడిచెట్టు కింద తిరిగే నాటు పుంజుది, సరే అది వదిలేద్దాం. కానీ నలభై రోజుల్లో రెండు కిలోలు, నూకలేస్తే చాలు అన్న ముక్క చూసి మా వీధిలోనే ముగ్గురు నా దగ్గరకొచ్చి పిల్లలు యాడ దొరుకుతాయన్నా అని అడుగుతుండారు, అందుకని ఇది రాస్తుండా. రవంత పొడుగైద్ది, మీకు జాగా లేకపోతే మధ్యలో కోసుకోండి, చివర్లో అడిగింది మాత్రం కోయొద్దు.

మాది పొదలకూరు మండలంలో ఒక పల్లె. ఇప్పుడు నిమ్మతోట చూసుకుంటుండా గానీ అంతకుముందు ఏడేళ్ళు ఒక కోళ్ళ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేశా, బండేసుకుని రోజూ నాలుగైదు షెడ్లు తిరిగి మేత ఎంత తిన్నాయి, ఎన్ని పోయాయి, బరువెంత వచ్చింది అని కార్డులో రాయడమే పని. ఒక్కో షెడ్డులో ఐదు వేలు, ఎనిమిది వేలు. అట్టాంటోడికి దొడ్లో ఇరవై అయిదు సాకడం ఒక లెక్కా అనుకున్నా. లెక్కే అని తెలిసేసరికి రెండు బ్యాచ్‌లు అయిపోయినాయి.

మొదటిసారి పిల్లల్ని నెల్లూరులో ఒక అంగట్లో తెచ్చా. బ్రాయిలరే గదా అని రెండుసార్లు అడిగా, బ్రాయిలరే అన్నాడు. సందె చీకటి, అట్టపెట్టె, పైన రెండు బొక్కలు, లోపల ముప్పై పసుపుపచ్చ ఉండలు కిచకిచలాడుతుండాయి, ఒకరోజు పిల్ల మాంసం కోడిదైనా గుడ్ల కోడిదైనా అట్టానే ఉంటది. ఇంటికి తెచ్చి వారం రోజులు బాగానే చూసుకున్నా, ఒక్కటి కూడా పోలా, మా ఇంటావిడ కూడా పర్లేదే అనింది. ఏడో రోజు అలవాటు ప్రకారం బరువు చూద్దామని ఆమె వంటింట్లో పిండి తూచుకునే చిన్న కాటా తెచ్చి, దాని మీద స్టీలు గిన్నె పెట్టి, గిన్నెలో పిల్లని పెడితే అది ఆగితేగా, పైన కర్చీఫ్ కప్పితే అప్పుడు అంకె నిలబడింది. 68. కాటా చెడిందేమో అనుకుని ఇంకోదాన్ని పెట్టా, 71. ఇంకోటి, 66. అప్పుడు అర్థమైంది.

బ్రాయిలర్ పిల్ల దిగినప్పుడు నలభై గ్రాములకి కాస్త అటూఇటూ ఉంటది, వారం తిరిగేసరికి దానికి నాలుగింతలు రావాలి, అంటే నూట అరవై, మంచి షెడ్డులో నూట ఎనభై కూడా చూశా. నాకు అంటగట్టినవి లేయర్ పుంజు పిల్లలు, మా లైన్లో కాక్రెల్ అంటారు. గుడ్ల కోళ్ళ హేచరీలో పెట్ట పిల్లల్నే తీసుకుంటారు, పుంజులతో వాళ్ళకి పని లేదు, వాటినే గులాబీ, ఆకుపచ్చ రంగులేసి గంపల్లో పెట్టుకుని బళ్ళ ముందు పిలకాయలకి అమ్మేది. అది కిలో తూగాలంటే మూడు నెలలు తినాలి. మర్నాడు ఆ పిల్లల్లో రెండిటిని తీసుకుని అంగడికి పోయి అడిగితే ఆయన తల కూడా ఎత్తకుండా, బ్రాయిలర్ అని నేను బిల్లేమన్నా ఇచ్చానా అన్నాడు. ఇవ్వలా, నిజమే. కాబట్టి తెచ్చుకునేవాళ్ళకి నేను చెప్పేది, ఏడో రోజు తూచండి, వంద కూడా లేకపోతే మీ చేతిలో ఉండేది బ్రాయిలర్ కాదు, బస్తాలకి బస్తాలు మేత తెచ్చి పోయొద్దు.

అసలు ఇబ్బంది యాడుందంటే ఈ యాపారం మొత్తం వేలల్లో నడిచేది. హేచరీ పెట్టెలో నూరు పిల్లలు, నాలుగు గదులు, గదికి ఇరవై అయిదు, పైన ఒకటో రెండో కొసరు, అట్టాంటి పెట్టెలు యాభై అరవై అయితే బండి కదులుద్ది, ఒక్క గది ఇవ్వండయ్యా అంటే నవ్వుతారు. కంపెనీ కింద పెంచే రైతు దగ్గర అడగకూడదు, పిల్ల కంపెనీది, మేత కంపెనీది, రైతుకి వచ్చేది పెంచిన కూలి మాత్రమే, అడిగితే ఆయన్ని ఇరుకులో పెట్టినట్టు. చివరికి సొంతంగా వేసుకునే రైతు ఒకాయన పాత పరిచయం మీద, తన బండి దిగిన రోజు ఒక గది నాకు ఇచ్చాడు, పిల్ల 42 రూపాయలు. అది రెండో బ్యాచ్, దాని సంగతే వివరంగా రాస్తా ఎందుకంటే అదే నిలబడింది.

పిల్లలకి మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, ఆ తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి రెండు అంగుళాలు పరిచి, పైన పేపర్ వేసి, చుట్టూ అట్టముక్కలతో గుండ్రంగా దడి కట్టా, మూలలుంటే పిల్లలు మూలకి పోయి నలుగుతాయి. ఇంతవరకు నాకు కొత్త కాదు. వేడి బల్బు కోసం ఊళ్ళో కొట్లన్నీ తిరిగితే అప్పుడు తెలిసింది, ఎవరి దగ్గరా పాతకాలం పీచు బల్బు లేదు, అంతా ఎల్‌ఈడీనే, దానికి వెలుగే గానీ వేడి రాదు. పొదలకూరులో ఒక పాత ఎలక్ట్రికల్ షాపులో దుమ్ము దులిపి అరవై వాట్లవి రెండు ఇచ్చాడు. మీ వ్యాసంలో బల్బు వేలాడదీయండి అని ఒక్క ముక్కలో రాశారు, ఏ బల్బో రాయలేదు, ఎల్‌ఈడీ కింద పిల్లల్ని పెట్టి తెల్లారి చూసుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

వేడి సరిపోయిందా లేదా అనేదానికి థర్మామీటర్ కూడా అక్కర్లా, పిల్లల్నే చూడాలి. అన్నీ బల్బు కిందకి వచ్చి కుప్పబడి గట్టిగా అరుస్తుంటే చలి, అట్ట దడికి ఆనుకుని ముక్కులు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ, ఒకటి తింటా ఒకటి తాగతా ఒకటి కాళ్ళు బారజాపుకుని నిద్రపోతా చెల్లాచెదురుగా ఉంటే సరిపోయినట్టు. నాకు మూడో రాత్రి రెండింటికి కరెంటు పోయింది. నేను నిద్రలో ఉండా. మా అమ్మకి నిద్ర తక్కువ, ఫ్యాన్ ఆగిందని లేచి, పిల్లలు అరుస్తుండాయిరా అని నన్ను తట్టింది. పోయి సెల్‌ఫోన్ లైటేస్తే ఒక మూల, గుండ్రంగా కట్టినా ఎట్టా చేసుకున్నాయో మూల, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక ముద్దయి ఉండాయి, చేత్తో విడదీస్తే అడుగునుండే రెండు అప్పటికే చప్పగా చదునుగా అయిపోయినాయి. అమ్మ కుంపట్లో బొగ్గులు వేసి, పొగ పోయిందాకా బయట పెట్టి ఆనక లోపలికి తెచ్చింది. షెడ్లల్లో అయితే జనరేటర్, లేదంటే పిల్లలకి వేడిచ్చే గ్యాస్ బ్రూడర్ ఉంటది, నేను కార్డులో మోర్టాలిటీ రెండు అని రాసుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఇరవై అయిదులో రెండు పోతే ఆ రెండూ కళ్ళ ముందు కనిపిస్తాయి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్న టీకా సంగతికి వస్తా. ఏడో రోజు లసోటా కంట్లో చుక్క, అది కొక్కెర తెగులుకి. పద్నాలుగో రోజు గంబోరో. ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ లసోటా, నీళ్ళలో. కొక్కెర తెగులు వచ్చిందంటే తెల్లగా ఆకుపచ్చగా పారతా, రెక్కలు వాల్చి, మెడ మెలితిరిగి రెండు మూడు రోజుల్లో దొడ్డి దొడ్డే ఖాళీ, వచ్చినాక మందు లేదు, ముందే టీకా వేసుకోవడమే. గంబోరో ఇంకో రకం, అది పిల్ల ఒంట్లో తట్టుకునే శక్తినే తీసేస్తది, ఆ తర్వాత ఏ చిన్న జబ్బొచ్చినా నిలబడదు. ఇంత ముఖ్యమైనదాన్ని మీ వ్యాసంలో అవసరమైతే టీకాలు వేయించండి అని రాశారు. అవసరమైతే ఏంది సార్.

పోనీ వేయిద్దామంటే, టీకా మందు సీసా మందుల షాపులో 500 డోసులది, వెయ్యి డోసులది ఉండాది, నూరు డోసులది ఎవరు కొంటారని మా వైపు తెప్పించరు. సీసా కలిపినాక రెండు గంటల్లో వాడేయాలి, దాచిపెట్టుకోవడానికి లేదు, షాపు నుంచి ఇంటిదాకా ఐసులో రావాలి, ఎండకి తగిలితే నీళ్ళతో సమానం. నా 23 పిల్లలకి 500 డోసులు తెచ్చుకుని 477 పారబోయాలి. డబ్బుకి పెద్ద బాధ లేదు, సీసా ఖరీదు మేత బస్తా ముందు ఎంత. కానీ నాలాగా ఇరవై, ముప్పై పెట్టుకున్న ఏ ఇంట్లో అయినా ఈ లెక్క చూసి ఏం పర్లేదులే అని మానేస్తారు, మానేసినవాళ్ళ దొడ్లోనే తెగులు పుట్టుద్ది, అది పక్క దొడ్డికి పోద్ది. నేను ఏడేళ్ళు చూసిన పెద్ద షెడ్లల్లో ఒక్కటి కూడా టీకా మానలేదు, ఎందుకంటే అక్కడ సీసా గుమ్మం ముందుకి వస్తది.

ఆ ఏడో రోజు పొద్దున్నే నేనొక పని చేశా. ఐసు ముక్కలేసిన ఫ్లాస్కులో సీసా తెచ్చి, మా వీధిలో కోళ్ళుండే ఇళ్ళన్నిటికీ కేకేసి, ఎనిమిదింటికి మా వాకిట్లోకి గంపలు పట్టుకుని రండి అని చెప్పా. తొమ్మిది ఇళ్ళ నుంచి నూట నలభై పైచిలుకు వచ్చాయి, నాటు కోళ్ళు, పిల్లల కోళ్ళు, ఒక ముసలాయన పందెం పుంజుని చంకలో పెట్టుకుని వచ్చాడు, అది కళ్ళు ఎర్రజేసి నా చెయ్యి పొడిచింది. పిల్లని ఎడం చేతిలో పక్కకి తిప్పి పట్టుకుని, కంటి మీద ఒక్క చుక్క వేసి, అది రెప్ప కొట్టి చుక్క లోపలికి పోయిందాకా వదలకూడదు, వదిలితే తల విదిలించి పారేస్తది, ఈ ఒక్క క్షణం ఆగడమే టీకా పడిందా లేదా అన్నదాన్ని తేల్చేది. గంటన్నరలో అందరికీ అయిపోయింది. తర్వాత రెండుసార్లూ తలా పది రూపాయలేసుకుని వాళ్ళే సీసా తెప్పించారు. నీళ్ళలో వేసేటప్పుడు మాత్రం కుళాయి నీళ్ళు వాడొద్దని చెప్పా, అందులో క్లోరిన్ ఉంటే టీకా చచ్చిపోద్ది, బోరు నీళ్ళే వాడి లీటరుకి చెంచాడు పాలపొడి కలిపాం.

మిగతావి తొందరగా చెప్తా. నూకలేస్తే చాలు అన్నది తప్పు. బ్రాయిలర్‌కి మొదట్లో మేతలో ప్రొటీన్ 22, 23 శాతం ఉండాలి, నూకల్లో ఎనిమిది కూడా కష్టం, నూకలు తిన్న బ్రాయిలర్‌కి కడుపు నిండుద్ది గానీ కండ పట్టదు. మందులుండవు అన్నది కూడా సగమే నిజం, రెడీమేడ్ మేత బస్తాకి కుట్టిన చీటీ చదవండి, రక్తపు పారుడు రాకుండా కలిపే మందు చాలావాటిల్లో ఉంటది, అది తప్పని నేననను, ఇంట్లో పెంచినంత మాత్రాన మందు లేనిది అని చెప్పుకోకూడదంటా. పెద్ద షెడ్లల్లో యాంటీబయాటిక్స్ వాడకం మీద గోల న్యాయమైందే, 2019లో కేంద్రం కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్ళకీ పశువులకీ వాడకూడదని నిషేధించింది కూడా. కానీ హార్మోన్ ఇంజెక్షన్ వేసి ఉబ్బిస్తారు అనేది మాత్రం వినలేక చస్తున్నా. ఎనిమిది వేల కోళ్ళని పట్టుకుని సూది వేసే మనుషులు యాడుండారు, వాళ్ళకి కూలి ఎవరిస్తారు? అది జాతి గొప్పదనం. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ పక్కపక్కనే పెట్టి ఒకే మేత వేసి పెంచితే 56 రోజులకి పాతది 905 గ్రాములు తూగింది, కొత్తది 4,202. 2014లో అచ్చేశారు. అంత తొందరగా పెరగడం వల్ల దానికి కాళ్ళ బాధలు, గుండె బాధలు ఉండాయి, అది వేరే బాధ, దాన్ని గురించి రాయండి, చదువుతాం.

రుచి సంగతంటారా, మా అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, దొడ్లో పెరిగినా ఫారం కోడి ఫారం కోడేరా అనేసింది. నిజం అదే. రుచి వయసుని బట్టి వస్తది, ఆరు నెలలు తిరిగిన నాటు కోడికీ ఆరు వారాల పిల్లకీ పోలిక పెట్టకూడదు. సంగట్లోకి పులుసు కావాలంటే నాటుదే చూసుకోండి, లేదా హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళ వనరాజా పెట్టుకోండి, రంగు ఈకలతో దొడ్లో తిరిగి పురుగులేరుకుంటది, లేటుగా పెరుగుద్ది.

ఇక లెక్క. మేత 85 కిలోలు, 3,740 రూపాయలు. పిల్లలు 1,050. ఊక, కరెంటు, బల్బులు కలిపి 200. టీకాల్లో మా వాటా, విటమిన్ 360. మొత్తం 5,350. నలభై రెండో రోజుకి 23 కోళ్ళు, సగటున రెండు కిలోలు, 46 కిలోలు. అంటే బతికున్న కోడి కిలో 116, కోసి శుభ్రం చేస్తే స్కిన్‌తో 32 కిలోల మాంసం, కిలో 167. ఆ వారం మా ఊళ్ళో స్కిన్‌తో కిలో 210. మిగిలింది పద్నాలుగొందల లోపు, నలభై రెండు రోజులకి పంచితే రోజుకి ముప్పై మూడు రూపాయలు, దానికి నేను పొద్దునా సాయంత్రం నీళ్ళ డబ్బాలు కడిగా, ఊక తిరగేశా, మా ఇంటావిడ వాసనని నలభై రోజులు భరించింది. ఇంకో సంగతి ఎవరూ రాయరు, ఇరవై మూడూ ఒకే వారం కోతకి వస్తాయి. ఆరో వారంలో ఒక్కోటీ రోజుకి నూట డెబ్భై గ్రాముల పైన తింటది, ఆపితే బరువు పోద్ది, పెడితే డబ్బు పోద్ది, ఫ్రిజ్‌లో పట్టవు. చుట్టాలకి ఫోన్లు చేసి రమ్మని పిలిచి మరీ పెట్టాల్సి వచ్చింది. పెంట మాత్రం నిమ్మచెట్లకి బాగా పనికొచ్చింది, అదొక్కటే ఏ గొడవా లేని లాభం.

మే నెలలో పెట్టొద్దు, అదొక్కటి వినండి. మూడో బ్యాచ్ నేను మొండిగా ఎండాకాలంలో వేశా, ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం ఐదు పోయాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఫ్యాను, కిలోన్నర దాటిన బ్రాయిలర్ మన నెల్లూరు ఎండకి అట్టానే రొప్పి రొప్పి పక్కకి ఒరుగుద్ది. ఆ రోజు నుంచి పదకొండు నుంచి నాలుగు దాకా మేత తీసేసి, చుట్టూ తడి గోతాలు కట్టి, నిమ్మరసం బెల్లం కలిపిన నీళ్ళు పెట్టా, మిగతావి నిలబడ్డాయి.

ఇదంతా ఎందుకు రాశానంటే, 2024 ఫిబ్రవరిలో మా మండలంలోనే చాటగుట్లలో, అటు కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్‌ఫ్లూ తేలింది, శాంపిళ్ళు భోపాల్ ల్యాబ్‌కి పోయినాయి, చుట్టుపక్కల చికెన్ అంగళ్ళు మూయించారు, మీరే మొదటి పేజీలో వేశారు. పులికాట్‌కీ నేలపట్టుకీ ఏటా వలస పక్షులొచ్చే వైపు మనది, అడవి పక్షి తాగిన నీళ్ళు దొడ్లో కోడి తాగకుండా చూసుకోవాల్సిన జాగా. బర్డ్‌ఫ్లూకీ లసోటాకీ సంబంధం లేదు, నాకు తెలుసు. కానీ చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా సున్నమేసి పూడ్చాలని, ఒకేసారి నాలుగు పోతే ఎవరికి చెప్పాలని ఆ ఇళ్ళకి తెలియాలంటే ముందు ఆ ఇళ్ళు ఎవరి లెక్కలోనన్నా ఉండాలి గదా. పెద్ద షెడ్డు లెక్కలో ఉండాది. ఇరవై అయిదు కోళ్ళ ఇల్లు ఎవరి లెక్కలోనూ లేదు. మీలాంటోళ్ళు పెంచుకోండి పెంచుకోండి అని రాస్తే అట్టాంటి ఇళ్ళు ఇంకా పెరుగుతాయి.

పశుసంవర్ధక శాఖ వాళ్ళు అప్పుడప్పుడు నాటు కోళ్ళకి టీకాలు వేయిస్తారు, కాదనను, కానీ అది వాళ్ళకి వీలైన రోజు, పిల్లకి ఏడో రోజు కాదు. నేను అడిగేది చిన్నది. మొన్నటిదాకా ఆర్‌బీకే, అంటే రైతు భరోసా కేంద్రం అన్నాం, ఇప్పుడు రైతు సేవా కేంద్రం అంటుండారు, అక్కడ వారానికి ఒక్క పొద్దు, శనివారం ఎనిమిది నుంచి పది దాకా, ఒక సీసా లసోటా, ఒక సీసా గంబోరో తెరిచి పెట్టమనండి. శనివారమే ఎందుకంటే, శనివారం పిల్లలు తెచ్చుకుంటే ఏడో రోజు శనివారం, పద్నాలుగో రోజు శనివారం, ఇరవై ఎనిమిదో రోజూ శనివారమే, చదువురాని ముసలమ్మ కూడా మర్చిపోదు. ఆ రోజు మా ఊళ్ళో సగంమంది మాంసం ముట్టరు, చుక్క వేయించుకోడానికి ఏం పట్టింపు ఉండదులే. డోసుకి రూపాయి తీసుకోమనండి, ఇస్తాం. ఈ ముక్క ఆ శాఖ జాయింట్ డైరెక్టర్ గారి కంట పడేట్టు వేస్తే చాలు.

వచ్చే శనివారం నాకు మళ్ళీ ఒక గది పిల్లలు దిగుతుండాయి. ఈసారి ఎల్లమ్మ గుడి వీధి వాళ్ళు కూడా వస్తామన్నారు, అందుకని రెండో ఫ్లాస్కు కొన్నా.

ఇట్లు
మీ పాఠకుడు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా